నాయన తుపాకి నా పేరుకు మారేసరికి

నాయన పోయాక భూమి కాగితాలకన్నా ముందు మేము తేల్చుకోవలసి వచ్చింది తుపాకి సంగతి. పట్టా మార్పిడి నాలుగు నెలలు ఆలస్యమైనా భూమి ఉన్నచోటే ఉంటుంది. లైసెన్సుదారు కన్నుమూశాక అతని తుపాకి ఇంట్లో ఉండటానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. అనవసరమైన ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమ చేయాలని 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. దినాలు కానివ్వండి, తర్వాత చూద్దామన్నారు పెద్దలు. మా బావ రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషి. చావింట్లో కూడా కాగితం మాట మరవడు. "బామ్మర్దీ, అది స్టేషన్‌కు చేరాలి, రసీదు మన చేతికి రావాలి. ఏడవడానికి తర్వాత చాలా టైముంది" అని నన్ను బండెక్కించాడు. తుపాకి నంబరు, బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత), తయారీ, వెంట ఇచ్చిన తూటాల లెక్క, అన్నీ రసీదు మీద రాయించాడు. అప్పుడు విసుక్కున్నాను గానీ తర్వాత ప్రతి బల్ల దగ్గరా మొదట అడిగింది ఆ రసీదునే.

మాది దేవరకొండ నుంచి డిండి వైపు పోయే దారిలో ఒక ఊరు. కొంత బత్తాయి తోట, మిగతాది చెలక. వానాకాలం పత్తి, కంది వేస్తాం. బోరులో నీళ్లున్న మేరకు యాసంగిలో పల్లి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్ జిల్లాతో పాటు మా నల్గొండ జిల్లాలోకీ వచ్చి ఉంది. దాని అంచు మాకు మరీ దగ్గర కాదు. కానీ అడవి పందికి అంచుతో పనేముంది! ఊరి గుట్టల్లో సర్కారు తుమ్మ పొదలు చాలు, అక్కడే పిల్లలు పెట్టి, కాయ పాలు పోసుకునే వేళకు చేన్లోకి దిగుతాయి. ఒక్క రాత్రి ఒక మంద చాలు, అర ఎకరం పల్లి వేళ్లతో సహా బోర్లా పడి ఉంటుంది.

తుపాకి పన్నెండు బోరుది, పక్కపక్కన రెండు గొట్టాలు. నాయన దాన్ని 1960లలో కొన్నాడు. అప్పట్లో లైసెన్సు తీసుకుని వేటకు పోవడం తప్పు కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన మానేశాడు. మానేశాననే మాకు చెప్పాడు. ఆ తర్వాత తుపాకి ఏడాదికోసారి నూనె పూయించుకోవడానికి, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో జమ కావడానికి మాత్రమే పెట్టెలోంచి బయటికి వచ్చేది.

2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసుల కోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోతే వారసుడు తన పేరున లైసెన్సు అడగవచ్చు. అసలు లైసెన్సుదారు బతికి ఉండగానే, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండితేనో, తుపాకి పాతికేళ్లు ఆయన దగ్గర ఉంటేనో కూడా అడగవచ్చు. నాయన రెండు లెక్కల్లోనూ ఎప్పుడో దాటిపోయాడు. కానీ తుపాకి నాకివ్వు అని ఆయన్ని అడిగే ధైర్యం మా ఇంట్లో పుట్టలేదు. ఏ-1 ఫారం, మరణ ధ్రువపత్రం, నాకిస్తే అభ్యంతరం లేదని అమ్మ, అక్క, తమ్ముడు రాసిచ్చిన అఫిడవిట్లు, శరీరం మనసూ బాగున్నాయని డాక్టరు ఇచ్చే పత్రం, తుపాకిని ఇంట్లో భద్రంగా ఉంచుతానని హామీ, పోలీసు విచారణ. ఈ వరసంతా రాస్తే చదివేవారికి నిద్ర వస్తుంది. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. సిబ్బందంతా ఆ పనుల్లో ఉంటే నా ఫైలు మీద దుమ్ము పడింది. తుపాకి ఎలాగూ స్టేషన్‌లోనే ఉంది కాబట్టి నాకు తొందర లేదు.

ఈ తిరుగుళ్లలోనే ఒక మధ్యవర్తి తగిలాడు. దరఖాస్తుకు ఆయుధ భద్రత శిక్షణ పొందినట్లు సర్టిఫికెట్టు జతచేయాలి. తుపాకి పట్టుకోవడం, మోసుకుపోవడం, కాల్చడం, శుభ్రం చేయడం, దాచడం నేర్పి ఇచ్చే పత్రం అది. "మీరు రానక్కర్లేదు సార్, ఆధార్ జిరాక్సు, ఫొటో ఇవ్వండి, నేనే తెప్పిస్తా" అన్నాడతను. డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత కట్టలో ప్రాణం కాపాడే కాగితం ఇదొక్కటే కదా, సరిగ్గా దాన్నే కొనుక్కోమంటున్నాడు! తక్కినవన్నీ నేను ఎవరి కొడుకునో, ఎక్కడుంటానో, నా మీద కేసులున్నాయో లేదో చెబుతాయి. నా చేతిలో తుపాకి ఉంటే పక్కనున్నవాడు క్షేమమా కాదా అనేది శిక్షణలో తప్ప ఎక్కడా తేలదు.

శిక్షణ ఇచ్చినాయన పోలీసు ఆయుధ విభాగంలో ఏళ్ల తరబడి చేసి రిటైరయ్యాడు. సన్నటి మనిషి, గొంతు పెంచడు. మా జట్టులో సైన్యం నుంచి వచ్చి బ్యాంకు గార్డు ఉద్యోగం కోసం చూస్తున్న ఒక మాజీ జవాను, ఒక క్వారీ యజమాని, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మొదటి పూటంతా తూటా కంటికి కనబడలేదు. ఒకే పని. తుపాకి అందుకోవడం, మూతి ఎవరూ లేని వైపు పెట్టడం, మడత విప్పడం (గొట్టాలను కిందికి వంచి వెనుక భాగం తెరవడం), రెండు గొట్టాల వెనుక భాగంలో కళ్లతో చూడటం, తర్వాత వేలు పెట్టి తడమడం. పక్కవాడికి ఇవ్వడం. అతనూ మళ్లీ అదంతా చేయడం. క్వారీ ఆయన చివరికి ఉండబట్టలేక "సార్, మీరు చూసే కదా నాకిచ్చారు" అన్నాడు.

"నేను చూసింది నా కోసం. మీరు చూసేది మీ కోసం" అన్నాడు సార్. అంతే, మళ్లీ మొదటి నుంచి.

టీ తాగి వచ్చాక అందరం బల్ల మీద పెట్టిపోయిన తుపాకులు తీసుకున్నాం. ఆయన ఆ మధ్యలో ఒకదాంట్లో డమ్మీ తూటా దూర్చి పెట్టాడు. లోపల మందు ఉండదు, చూడటానికి మాత్రం అసలుదే. దొరికిపోయింది ఎవరనుకున్నారు? మా అందరిలోకీ తుపాకి బాగా తెలిసిన జవాను. తుపాకిని ఒడుపుగా భుజానికెత్తి, గురిచూసి, ట్రిగ్గర్ నొక్కాడు. టక్‌మంది. విప్పి చూస్తే కుడి గొట్టంలో డమ్మీ. పాపం, ఆయన ముఖం చూడలేకపోయాం. సార్ మందలించలేదు. "కొత్తవాడు భయంతో చూసుకుంటాడు. అలవాటైనవాడు తనకు తెలుసనుకుంటాడు. నా సర్వీసులో నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఖాళీ తుపాకులతోనే జరిగాయి" అన్నాడు.

ఆ తర్వాత మమ్మల్ని వెనకాల దున్నిన చెలకలోకి తీసుకుపోయి కొయ్య తుపాకులిచ్చి పడమన్నాడు. నిజంగానే, కావాలని తట్టుకుని పడమన్నాడు! ఈ వయసులో ఇదేమి శిక్ష అనుకున్నాను. పడిన ప్రతివాడినీ కదలకుండా అలాగే ఉండమని, మూతి ఎటు ఉంది, చూపుడువేలు ఎక్కడ ఉంది అని అందరికీ చూపించేవాడు. పడబోయే మనిషి చేతిలో ఏది ఉంటే దాన్ని గట్టిగా పట్టుకుంటాడు. ఒక చేయి ఆసరా కోసం దేన్నో పట్టుకుంటే రెండో చేయి కూడా దానితో పాటే బిగుస్తుంది. వేలు ట్రిగ్గర్ మీద ఉన్నవాడికి ఇక నొక్కాలన్న ఆలోచన రానక్కర్లేదు, ఒళ్లే నొక్కేస్తుంది. ఉలిక్కిపడినా అంతే. అందుకే కాల్చాలని నిశ్చయించుకున్న క్షణం దాకా చూపుడువేలు ట్రిగ్గర్ కాపు బయట, తుపాకి పక్క వెంట నిలువుగా ఉండాలి. చదివితే చిన్నమాట. గట్టు మీద కాలు జారినప్పుడు కూడా వేలు అక్కడే ఉండాలంటే మాత్రం ఎన్నిసార్లు పడాలో నా మోకాళ్లకు తెలుసు.

వేటలో పొరపాటున పేలే సందర్భాలను ఆయన ఒక్కొక్కటే మా నేలకు తగ్గట్టు చెప్పుకుంటూ పోయాడు. కంచె దాటడం, ఒర్రె దిగడం, మంచె ఎక్కడం, బండిలో ఎక్కించడం, దించడం. వీటిలో ఒక్కదానిలోనూ జంతువు లేదు, గమనించారా అన్నాడు. కాల్చే నిమిషంలో మనిషి ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉంటాడు. ప్రమాదం ఆ నిమిషంలో తక్కువ, నడిచే గంటల్లో ఎక్కువ. కంచె దగ్గరికి రాగానే మడత విప్పాలి, తూటాలు తీసి జేబులో వేసుకోవాలి, తుపాకిని అవతల నేలమీద పెట్టి తర్వాత మనిషి దాటాలి. ఇద్దరుంటే ఒకరు దాటేదాకా రెండు తుపాకులూ రెండోవాడి దగ్గర విప్పి ఉండాలి. వరసగా నడిచేటప్పుడు వెనకవాడి తుపాకి విప్పే ఉండాలి, ఎందుకంటే వాడి ముందున్నది మనిషి వీపు.

నాటు తుపాకుల గురించి ఆయన కాస్త ఎక్కువసేపే మాట్లాడాడు, మా ప్రాంతం సంగతి తెలిసినవాడు కాబట్టి. మూతి నుంచి మందు, గుళ్లు కూరే తుపాకిని ఒకసారి నింపితే మళ్లీ ఖాళీ చేయడానికి తేలికైన దారి కాల్చడం తప్ప లేదు. అందుకే నింపినది నింపినట్లే భుజాన వేసుకుని రాత్రంతా తిరుగుతారు, తెల్లవారి ఇంట్లో దూలానికి తగిలిస్తారు. కాల్చిన వెంటనే మళ్లీ మందు పోస్తే గొట్టంలో మిగిలిన నిప్పు రవ్వ చాలు, చేయి పోతుంది. పైగా లైసెన్సు లేని ఆయుధం కావడంతో గాయపడినవాడిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి కూడా భయపడతారు. బతికేవాడు అక్కడే చనిపోతాడు.

గుళ్లు ఎంత దూరం పోతాయో చెప్పినప్పుడు మాలో ఎవరూ నమ్మలేదు. పందికి వాడే ఎల్‌జీ తూటాలో కొన్నే పెద్ద గుళ్లుంటాయి. జంతువును చంపగల దూరం ముప్పై నలభై గజాలు. కానీ గొట్టం కాస్త పైకెత్తి ఉంటే అదే గుండు అర కిలోమీటరు దాటి పోతుంది. మన చేను దాటి, పక్క చేను దాటి, దాని అవతలి తండా దాకా అన్నమాట. మా గుట్టల వంటి రాతినేల మీద తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. నీటి మీద తగిలినా ఎగురుతుంది. అందుకే వెనుక మట్టి కట్ట ఉందా, లేదా అన్నది చూడకుండా ట్రిగ్గర్ జోలికి పోకూడదు. మంచె మీద నుంచి కిందికి కాలిస్తే గుండు నేలలోనే దిగిపోతుంది. మంచెకున్న అసలు లాభం అదేనట. నేనేమో ఇన్నాళ్లూ పంది మీదికి రాకుండా ఉండటానికనుకున్నాను.

తూటా పేలకపోతే ఏం చేయాలన్నది కూడా అక్కడే తెలిసింది. వెంటనే విప్పి చూడకూడదు. మందు నెమ్మదిగా అంటుకుని కాసేపటికి పేలే అవకాశం ఉంది. మూతి అలాగే ఎవరూ లేని వైపు పెట్టి కనీసం అర నిమిషం ఆగాలి, తర్వాత ముఖం పక్కకు పెట్టి విప్పాలి. చప్పుడు రోజూలా కాక బుస్సుమన్నట్టు వస్తే రెండో తూటా వేయకూడదు, లోపల ఏదో అడ్డుపడి ఉండొచ్చు. గొట్టం మూతిలో బురద ఇరుక్కున్నా కాల్చినప్పుడు గొట్టం చీలిపోతుంది. బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, కాబట్టి ఇరవై బోరు తూటా పొరపాటున పన్నెండు బోరు గొట్టంలో పడితే జారి లోపల ఇరుక్కుంటుంది, వెనకనుంచి చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. దాని మీద పన్నెండు బోరు తూటా వేసి కాలిస్తే తుపాకి చేతిలోనే పగులుతుంది. ఇరవై బోరు తూటాలను పసుపు రంగులో చేయడం ఆ గందరగోళం రాకుండా ఉండటానికే.

ఈ శిక్షణ నడుస్తుండగానే మా ఇంట్లో ఎన్నోసార్లు విన్న ఒక పాత ముచ్చట నాకు వేరేగా అర్థమైంది. నాయన స్నేహితుడు ఒకాయన, మేము మామ అని పిలిచేవాళ్లం, ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. 1972కు ముందు ఒక రాత్రి వేట నుంచి ఎడ్లబండిలో తిరిగి వస్తుంటే తుపాకి "తనంతట తాను" పేలి మోకాలి కింద గుళ్లు దిగాయి. గ్రహచారం బాగాలేదని నాయన, ఎవరో కన్నుపెట్టారని అత్త అనేవాళ్లు. నేను సార్‌కు ఈ కథ చెప్పాను. ఆయన గ్రహాల జోలికి పోలేదు. "పైన హ్యామర్లు కనబడే పాత తుపాకా?" అవును. "బండి దిగి, తుపాకిని తనవైపు లాక్కున్నాడా?" నాకు ఆ వివరం తెలియదు. ఇంటికొచ్చి అమ్మను అడిగాను. అమ్మ తడుముకోకుండా చెప్పింది: "ఆయన దిగి, గడ్డిలో ఉన్నదాన్ని మూతి పట్టుకుని గుంజిండట."

హ్యామరంటే తూటాను కొట్టి పేల్చే సుత్తి వంటి భాగం. అది గడ్డికో, బండి చట్రానికో తట్టుకుని కొద్దిగా వెనక్కి లేచి జారి ఉంటుంది. దాని దెబ్బకు తూటా పేలడానికి ట్రిగ్గర్ అక్కర్లేదు. నిండు తుపాకిని బండిలో పెట్టడం, మూతి పట్టుకుని తనవైపు లాగడం, రెండూ మనుషులు చేసిన పనులే. మామ చివరిదాకా తన కాలికి శనిని తిడుతూనే పోయాడు.

లైసెన్సు వచ్చింది. ఐదేళ్లకు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు మూడేళ్లే ఇచ్చేవారు. అదే సవరణ ఇంకోటి కూడా తెచ్చింది. నిర్లక్ష్యంగా గానీ పెళ్లిళ్లలో సంబరానికి గానీ తుపాకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే, ఎవరికీ ఏమీ కాకపోయినా, రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనిషి చనిపోతే 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. "పొరపాటున" అన్న మాట హత్యానేరం నుంచి తప్పిస్తుందేమో గానీ జైలు నుంచి తప్పించదు.

స్టేషన్ నుంచి తుపాకి విడిపించుకుని నేరుగా ఇంటికి పోలేదు. ఇన్నేళ్లు వాడనిది, హైదరాబాద్‌లో లైసెన్సున్న రిపేరుదారుకు చూపించమని సార్ ముందే చెప్పాడు. ముసలాయన, పెద్ద మాటకారి. నాయన తుపాకిని చేతుల్లో తిప్పుతూ ఇలాంటి కట్టె పని ఇప్పుడు ఎవరు చేస్తారని మెచ్చుకున్నాడు. రెండు గొట్టాల్లో డమ్మీలు వేసి, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట పెట్టి, బట్ (భుజానికి ఆనించే కొయ్య) కింది భాగాన్ని రబ్బరు చాప మీద గట్టిగా తాటించాడు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి లోపల టక్‌మంది. సేఫ్టీ ఉండాల్సిన చోటే ఉంది. ట్రిగ్గర్‌ను ఎవరూ తాకలేదు.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఆయన మాత్రం బియ్యంలో రాయి దొరికినంత మామూలుగా చెప్పుకుపోయాడు. ఇలాంటి తుపాకుల్లో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే కదలకుండా పట్టి ఉంచుతుంది. లోపల హ్యామరును ఎక్కుపెట్టి ఉంచేది చిన్న కొక్కెం. దాని అంచు ఏళ్ల తరబడి అరిగిపోతే ఒక్క కుదుపు చాలు, జారిపోతుంది. ఖరీదైన తుపాకుల్లో జారినా మధ్యలో ఆపే రెండో కొక్కెం ఉంటుంది, దీనికి లేదు. సేఫ్టీ పెట్టాను కదా అని మంచె మీద నుంచి జారవిడిచినా, జీపులో అదిరినా ఇది పేలేదే. ఇన్నేళ్లూ పెట్టెలో ఖాళీగా పడుకుంది కాబట్టి సరిపోయింది. కుడివైపు కొక్కెం మార్చి, ఎడమవైపుది సరిచేసి, మళ్లీ నా కళ్లముందే తాటించి చూపి ఇచ్చాడు.

నాయన రేకు డబ్బాలో మిగిల్చిపోయిన పాత తూటాలను కూడా ఆయనకే చూపించాను. స్టేషన్ రసీదులో లెక్క ఉన్నవే. అట్ట తొడుగువి, తేమకు ఉబ్బి గొట్టంలోకి సగమే దిగుతున్నాయి. వాడకూడదు, పారేయకూడదు, మంటలో వేయకూడదు, బావిలో వేయకూడదు. కాగితం రాసి అప్పగించేశాను.

ఇప్పుడు పందుల సంగతి. తుపాకి లైసెన్సు వస్తే పందిని కాల్చవచ్చని మా ఊళ్లో చాలామంది నమ్మకం. కాదు. అడవి పంది వన్యప్రాణి చట్టంలో రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. లేకుండా కాలిస్తే మూడేళ్ల వరకు జైలు. పంచాయతీ కార్యదర్శి ద్వారా మా ఊరి రైతులం అర్జీ పెట్టుకున్నాం. అటవీ సిబ్బంది వచ్చి చేలు చూసిపోయారు. అనుమతి వచ్చింది, అటవీ శాఖ గుర్తించిన షూటరు పేరున. నా తుపాకికి దానితో సంబంధం లేదు. అది ఇంట్లో తాళం కింద ఉంది, నేను చేనుగలవాడిగా మాత్రమే వెంట ఉన్నాను.

షూటరు సాయంత్రం వెలుతురుండగానే వచ్చాడు. పంది దారులు చూపిద్దామని నేను సిద్ధంగా ఉంటే ఆయన అడిగినవన్నీ మనుషుల గురించి. ఈ రాత్రి చేలల్లో ఎవరెవరు పడుకుంటారు? ఏ మంచె మీద? స్టార్టరు డబ్బా దగ్గరికి రాత్రి ఎవరైనా వస్తారా? ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక రాత్రి తడులు తగ్గాయి గానీ మోటారు పడిపోతే లేచి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోసిన చేలల్లో గొర్ల మందలు ఎక్కడ ఆపారు? ఇది ఎందుకడిగాడో నాకు ముందు తట్టలేదు. నల్లటి గొంగడి కప్పుకుని గట్టు పక్కన కూర్చున్న కురుమ తాత టార్చి వెలుగులో ఎలా కనిపిస్తాడో ఊహించుకోండి అన్నాడు. ఊహించుకున్నాను. ఒక కాగితం మీద చేలన్నీ గీసి మనుషులున్న చోటల్లా గుర్తు పెట్టించాడు. ఒక్కొక్కరికీ ఫోను చేయించి కదలవద్దని, కదిలితే ముందు ఫోను చేయమని, టార్చి వెలిగించుకునే రమ్మని చెప్పించాడు.

ఆఖరి ప్రశ్నకు మాత్రం మా వాళ్లందరూ నేలచూపులు చూశారు. "చేనుకు కరెంటు తీగ ఎవరు పెట్టారు?" ఎవరూ పెట్టలేదు, ఎప్పుడూ పెట్టరు! ఆయన లేచి బ్యాగు సర్దుకోబోతే ఒకతను గొణిగి ఒప్పుకున్నాడు. ఆ తీగ తీయించి, తీసిన తీగ చుట్ట కళ్లతో చూసేదాకా ఆయన గట్టు దిగలేదు. పందికి పెట్టిన తీగలకు మనుషులు పోయిన వార్తలు మన పత్రికల్లో ఎన్ని రాలేదు! చూడబోతే మా చేలల్లో తుపాకికన్నా అదే ఎక్కువమందిని చంపుతుందేమో.

రైఫిలు తేలేదేమని అడిగాను. రైఫిలు గుండు రెండు కిలోమీటర్లు దాటి పోగలదు, ఊళ్ల మధ్య దానికి చోటెక్కడిది అన్నాడు. ఖాళీ తుపాకిని తాడుకు కట్టి, మూతి కిందికి ఉండేలా మంచె మీదికి లాక్కున్నాడు. పైన కూర్చుని సర్దుకున్నాకే తూటాలు వేశాడు. మొదటి మంద వచ్చినప్పుడు పందులు గట్టు మీద వరసగా, వెనుక ఆకాశం కనబడుతూ నిలబడ్డాయి. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను. ఆయన తుపాకి ఎత్తలేదు. అవి చేన్లోకి దిగి పల్లి తవ్వుతున్న చప్పుడు వినిపిస్తుంటే నాకు కడుపు మండిపోయింది, కాల్చండి కాల్చండి అని సైగ చేశాను. ఆ గట్టు వెనుక నేను గీసి ఇచ్చిన పటంలోనే ఒక మోటారు కొట్టం ఉంది, అందులో ఒకతను పడుకున్నాడు. దిగాక అవి కొట్టానికి సరిగ్గా వరసలో ఉండిపోయి, కుక్క మొరిగితే పోయాయి. చాలాసేపటికి మళ్లీ వచ్చినవి మంచె కిందికే వచ్చాయి. ఒకదాన్ని కాల్చాడు. మిగతావి పారిపోతుంటే రెండో గొట్టం కాల్చలేదు. పరుగెత్తే పంది వెంట తుపాకి తిప్పితే అది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? దిగేముందు తూటా తీసి, విప్పి, మళ్లీ తాడుతో దించాడు. తెల్లవారాక అటవీ సిబ్బంది పంచనామా రాసి, గోతి తీసి దాన్ని పూడ్పించారు. మాంసం అడిగినవాళ్లు అడిగారు, ఎవరికీ దక్కలేదు.

ఒక్క పంది పోతే మంద ఆగదని చెప్పనక్కర్లేదు. తర్వాతి యాసంగికి పల్లి తగ్గించి, వేసినంత మేరకు సోలారు కంచె కట్టాను. దాని దెబ్బ సన్నగా ఆగి ఆగి తగులుతుంది, మనిషిని చంపదు. పందులు పూర్తిగా మానలేదు గానీ తగ్గాయి.

రిపేరు చేయించి తెచ్చాక నాయన తుపాకిని నేను కాల్చింది లేదు. తుపాకి ఒక బీరువాలో, తూటాలు ఇంకో గదిలో వేరే తాళం కింద ఉన్నాయి. పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్లీ స్టేషన్‌లో జమచేసి తెచ్చుకున్నాను. ఎందుకురా ఈ తద్దినం, అమ్మేయరాదా అంటుంది అక్క. 2029లో రెన్యువల్ వస్తుంది. అప్పటికి మా వాడికి లైసెన్సుకు కావలసిన ఇరవై ఒకటి నిండుతాయి. కావాలంటే వాడిని ముందు ఆ సార్ దగ్గరికి పంపుతాను. అక్కర్లేదంటే డీలరుకు ఇచ్చేస్తాను.